స్టాండర్డ్ హెరాల్డ్ కొలతల పుస్తకం: మూడు ఊళ్ల ప్రాజెక్టు డైరీ

వరంగల్–హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల పాత కార్ల బృందాలు పాత స్టాండర్డ్ కార్ల పార్టుల కొలతలను కాగితం మీద పెట్టడానికి కలిసి చేస్తున్న పని ఇది. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ కార్లు ఇంకా మిగిలి ఉన్న మరో ఊరివాళ్లు ఇదే పని ఎత్తుకుంటే, మాకు డబ్బు, టైము వృథా అయిన చోట వాళ్లకు కాకూడదని రాసి పెడుతున్నాం.

కంపెనీ సంగతి ముందు క్లుప్తంగా. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి హెరాల్డ్ కారు చేసింది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు ఇది మన దేశపు రూపం. బాడీ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. 1960ల చివర్లో నాలుగు తలుపుల మార్క్ 3 వచ్చింది, 1972 నుంచి 1977 దాకా దాని తర్వాతి కారు గెజెల్ నడిచింది. 1985లో తెచ్చిన స్టాండర్డ్ 2000 మూడేళ్లకే ఆగిపోయింది, దాంతో కంపెనీ కార్ల కథ ముగిసింది. ఇవాళ వెళ్లి అడుగుదామంటే ఫ్యాక్టరీ లేదు, స్పేర్ పార్టుల డిపో లేదు. అందుకే ఈ కంపెనీ వారసత్వాన్ని కాపాడటమంటే మా దృష్టిలో కార్లకు పాలిష్ పెట్టి ఎగ్జిబిషన్‌లో నిలబెట్టడం కాదు. ప్రతి పార్టు కొలత, అది ఏ లోహంతో చేశారు, ఎట్ల బిగించారు అన్నది కాగితం మీదికి రావాలి. కార్లు తర్వాతైనా బాగు చేసుకోవచ్చు. కొలతలు తెలిసిన మేస్త్రీలు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

దశ 1: ఎవరి దగ్గర ఏముంది

మూడు బృందాల దగ్గరా మూడు రకాల జాబితాలు ఉన్నాయి. హన్మకొండవాళ్లు పార్టు నంబర్లతో రాసుకున్నారు, కరీంనగర్‌వాళ్లు మెకానిక్ పిలిచే పేరుతో, మంచిర్యాలవాళ్లు ఫోటోలతో. మూడూ ఒక్కచోట పెడితే ఒకే వీల్ సిలిండర్ (బ్రేకు పార్టు) మూడుసార్లు లెక్కకొచ్చింది. ఫోన్లో మాట్లాడుకుని సరిచేయడం అయ్యే పని కాలేదు. చివరికి ప్రతి పార్టునూ చేతిలోకి తీసుకుని, పార్టు నంబరు ఉంటే నంబరు, లేకపోతే మూడు కొలతలూ బరువూ రాశాం. బరువు రాయడం బాగా పనికొచ్చింది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు పార్టుల్లో ఒకటి గెజెల్‌ది, ఒకటి హెరాల్డ్‌ది అని తక్కెడే చెప్పింది.

అసలు ఇబ్బంది నమ్మకం దగ్గర వచ్చింది. తండ్రి కొన్న కారు తాలూకు పుస్తకాన్ని వేరే ఊరి బృందానికి ఇవ్వాలంటే ఎవరికైనా మనసొప్పదు, అది న్యాయమే. ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాక పని కదిలింది.

1. అసలు కాగితం, అసలు పార్టు సొంతదారు ఇంట్లోనే ఉంటాయి. బృందానికి కాపీ, కొలత మాత్రమే.
2. డ్రాయింగ్ మీద ముగ్గురి సంతకాలు: కొలిచినవారు, మళ్లీ కొలిచి సరిచూసినవారు, గీసినవారు. సరిచూసేవారు వేరే ఊరివారై ఉండాలి.
3. ఉమ్మడి ఖర్చుతో చేయించిన పార్టు ఏ బృందానికైనా అదే ధర.
4. రిజిస్టరులో ఛాసిస్ నంబరు, మోడల్, కారు పరిస్థితి ఉంటాయి. సొంతదారు పేరు, ఫోన్ నంబరు ఉండవు.

ఇద్దరు కొలవడం దండగ అని మొదట్లో అన్నవాళ్లున్నారు. పని ముందుకు సాగాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

*లెక్క: కార్లు 11 (హెరాల్డ్ 7, గెజెల్ 3, స్టాండర్డ్ 2000 ఒకటి). నడిచేవి 3. విడి పార్టులు 146. ఖర్చు ఇంకా లేదు.*

దశ 2: కాగితాలు

త్వరగా అయిపోయిన పని ఇదే. ఓనర్స్ హ్యాండ్‌బుక్, పార్టుల కేటలాగు, వర్క్‌షాప్ మాన్యువల్, పాత సర్వీసు బిల్లులు దొరికాయి. మామూలు పేజీ 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు. పార్టులు విడదీసి చూపే బొమ్మలకు 600 పెట్టండి, 300లో స్ప్రింగ్ వాషర్‌కూ మామూలు వాషర్‌కూ తేడా తెలియదు. అసలు స్కాన్ టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు) దాచాలి, పంచుకోవడానికి పీడీఎఫ్. బైండింగ్ విరిగే పుస్తకాన్ని స్కానర్ మీద అదమకండి. పైనుంచి కెమెరా పెట్టి, పక్కన స్టీలు స్కేలు కనబడేలా తీస్తే కొలత కూడా దక్కుతుంది.

రెండు హార్డ్ డిస్కులు, ఒకటి హన్మకొండలో, ఒకటి మంచిర్యాలలో. కాపీ చేసిన తర్వాత చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే అంకె) పోల్చి చూస్తే 9 ఫైళ్లు చెడిపోయి ఉన్నాయి. తెరిచి చూస్తే మొదటి పేజీ బాగానే కనబడుతుంది, లోపలి పేజీలు ఖాళీ. చెక్‌సమ్ చూడకుండా ఏ కాపీనీ నమ్మొద్దు.

*లెక్క: పేజీలు 1,184. ఈ దశ ఖర్చు ₹6,400. మొత్తం ₹6,400.*

దశ 3: పానాలు, థ్రెడ్లు

హెరాల్డ్, గెజెల్ పది కార్లలోనూ చెయ్యి పెట్టిన చోటల్లా మూలలు అరిగి గుండ్రమైపోయిన నట్లే. మెకానిక్‌ల తప్పు కాదు ఇది. ఈ కారు అంగుళాల కారు, మన దగ్గర షాపుల్లో ఉన్నవి మిల్లీమీటరు పానాలు.

- 7/16 అంగుళం అంటే 11.11 మి.మీ. 11 పానా ఎక్కదు, 12 వదులు.
- 1/2 అంగుళం అంటే 12.70 మి.మీ. 13 పానా ఎక్కుతుంది, సరిపోయినట్టే అనిపిస్తుంది. 0.3 మి.మీ. ఖాళీతో గట్టిగా గుంజితే మూల పోతుంది.
- 9/16 అంగుళం అంటే 14.29 మి.మీ. 14 ఎక్కదు, 15 వదులు.

ఇంతకంటే పెద్ద నష్టం లోపల జరిగింది. ఈ కారులో ఎక్కువగా కనబడే 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలోని సన్న థ్రెడ్) బోల్టు మందం 7.94 మి.మీ. బజార్లో దొరికే ఎం8 బోల్టు 8 మి.మీ. చేతిలో రెండూ ఒక్కటే అనిపిస్తాయి. కానీ యూఎన్ఎఫ్‌లో అంగుళానికి 24 థ్రెడ్లు (మరలు), అంటే ఒక్కో థ్రెడ్ మధ్య దూరం 1.058 మి.మీ., ఎం8లో 1.25. ఎం8 రెండు చుట్లు చేత్తోనే ఎక్కి ఆగుతుంది. అక్కడినుంచి పానాతో తిప్పితే ఛాసిస్ మీది అసలు థ్రెడ్‌ను కోసుకుంటూ పోతుంది. బాడీని ఛాసిస్‌కు పట్టే బోల్టుల్లో ఇట్ల పాడైనవి ప్రతి కారులోనూ దొరికాయి.

ఇప్పుడు పాటించే పద్ధతి:

1. బోల్టు విప్పే ముందు పాత డీజిల్ కలిపిన నూనె వేసి ఒక రాత్రి వదలాలి.
2. తీసిన ప్రతి 5/16 బోల్టుకూ థ్రెడ్ గేజ్ పెట్టాలి. 24 పళ్ల ఆకు సరిగ్గా కూర్చోకపోతే ఆ బోల్టు పక్కకు.
3. రంధ్రంలో యూఎన్ఎఫ్ ట్యాప్ (లోపలి థ్రెడ్ కోసే పనిముట్టు) చేత్తోనే నడపాలి. మిషన్‌తో వద్దు.
4. థ్రెడ్ సగానికి పైగా పోతే హెలికాయిల్ (పోయిన థ్రెడ్ స్థానంలో కూర్చునే తీగ చుట్ట) వేయాలి. లావు బోల్టు వేసి సరిపెట్టొద్దు.

నాలుగోది అందరూ ఒప్పుకున్నది కాదు. లావు బోల్టు చవక, పనీ తొందరగా అవుతుంది. కానీ అట్ల చేసిన కారు తర్వాతివాళ్ల చేతికొచ్చినప్పుడు అందులోని కొలతలు అబద్ధం చెబుతాయి. నేను దీని మీద పట్టుబట్టాను.

*లెక్క: కొలిచిన బోల్టు రకాలు 63. ట్యాప్‌లు, డైలు, గేజ్‌లు, అంగుళాల పానాలకు ₹9,150. మొత్తం ₹15,550.*

దశ 4: కొలతల కారు

జమ్మికుంట వైపు ఒక షెడ్డులో నిలబడి ఉన్న రెండు తలుపుల హెరాల్డ్‌ను దాని సొంతదారు పనికి ఇచ్చారు. ఇంజన్ పట్టేసింది, నేల రేకు చాలాచోట్ల లేదు. అయినా ఎప్పుడూ డెంటింగ్ మేస్త్రీ చేతిలో పడని కారు. అసలు పెయింటు, అసలు వెల్డింగు చుక్కలు అట్లే ఉన్నాయి. మాకు కావలసింది సరిగ్గా ఇదే.

హెరాల్డ్‌కు విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో కూర్చుంటుంది. బానెట్ ముందుకు లేస్తుంది, రూఫ్ సైతం బోల్టులు విప్పితే ఊడొస్తుంది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ చేసిన స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే కంపెనీ పోటీదారు చేతిలోకి పోవడంతో, ముక్కలను వేర్వేరు చోట్ల చేయించుకుని బిగించుకునే దారి ఎంచుకున్నారు. ఆ ఇరకాటంలో తీసుకున్న నిర్ణయమే ఇవాళ మన పని తేలిక చేసింది. వెల్డింగు కోయకుండా కారంతా విప్పి కొలవొచ్చు.

మొదట తీసిన కొలతలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. కారును స్టాండ్ల మీదికి ఎత్తి వెనక చక్రాల మధ్య దూరం తీస్తే పై కొలతకూ కింది కొలతకూ పొంతన లేదు. ఇందులో వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రంతోపాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు), దానిమీద అడ్డంగా ఒకే పట్టీల స్ప్రింగ్. కారు ఎత్తగానే చక్రాల కింది అంచులు లోపలికి వంగుతాయి. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి. నేలమీద దించి, రెండడుగులు ముందుకూ వెనక్కూ నెట్టి, సస్పెన్షన్ కుదురుకున్నాక తీశాం.

1. చదునైన సిమెంటు నేల. నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోవాలి.
2. చక్రం మధ్య నుంచి గుండు దారం వదిలి నేలమీద సుద్దతో గుర్తు.
3. కారు తీసేసి, నేలమీది గుర్తుల మధ్య టేపుతో కొలత. ఇద్దరు వేర్వేరుగా.
4. ఛాసిస్ రంధ్రాలకూ అదే పద్ధతి, ఆ పైన మూలమట్టం కోసం ఎదురెదురు మూలల కొలత.

అసలు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 91.5 అంగుళాలు, అంటే 2,324 మి.మీ. మాకు ఎడమ వైపు 2,323, కుడి వైపు 2,314 వచ్చింది. కుడి వైపు 9 మి.మీ. తేడాకు కారణం వెనక రేడియస్ రాడ్ (వెనక చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే కడ్డీ) బుష్ పూర్తిగా అరిగిపోవడం. కొత్త బుష్ వేశాక 2,321. ఛాసిస్ మూలల తేడా 3 మి.మీ. లోపే, అంటే వంగలేదు.

ఈ కారును బాగు చేయాలా అన్నదానిమీద గట్టి వాదన జరిగింది. కరీంనగర్ అన్నలు పెయింటు వేసి రోడ్డెక్కిద్దామన్నారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నీరు చొరకుండా సీలింగు మైనం ఎక్కడ పూశారు, ఏ అంచు మడిచారు, ఏ బోల్టు కింద ఏ ప్యాడ్ పెట్టారు అన్నది చెప్పే కారు మా మూడు ఊళ్లలో ఇదొక్కటే. బఫింగ్ చేస్తే ఆ సాక్ష్యం పోతుంది. తుప్పు ఆగడానికి నూనె పూసి, విప్పిన స్థితిలోనే ఉంచాలని తేల్చుకున్నాం.

దశ 5: ట్రనియన్, అన్నిటికంటే ప్రమాదకరమైన పార్టు

ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు లింకు కింది కొస థ్రెడ్‌తో ఇత్తడి రంగు ట్రనియన్‌లో కూర్చుంటుంది. స్టీరింగు తిప్పినప్పుడు ఈ థ్రెడ్ మీదే చక్రం తిరుగుతుంది. దీనికి వేయాల్సింది ఈపీ 90 గేర్ ఆయిల్. గ్రీజు కాదు. గ్రీజు థ్రెడ్ అడుగు దాకా దిగదు, కొన్నాళ్లకు గట్టిపడుతుంది, నీరు చేరితే లింకు లోపలే తుప్పు పడుతుంది. ఒకరోజు మలుపులో లింకు విరిగి చక్రం పక్కకు పడిపోతుంది.

మా హెరాల్డ్, గెజెల్ కార్లన్నిటిలో గ్రీజే ఉంది. పాత మేస్త్రీ ఒకాయన చెప్పిన మాట రికార్డు చేశాం: "అన్ని బండ్లకు గ్రీజు గన్నే కొడ్తం గద తమ్మీ, దీనికి ఆయిలని ఎవలు చెప్పిన్రు మాకు?" ఆయన తప్పేమీ లేదు. పుస్తకం మెకానిక్ దాకా చేరలేదు.

కరెంటు ప్లాంటులో వెల్డింగ్ తనిఖీ చేసి రిటైరైన సభ్యుడొకాయన పగుళ్లు వెతికే పద్ధతి నేర్పారు.

1. లింకు విప్పి కిరోసిన్‌తో కడిగి, ఆపై క్లీనర్‌తో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి.
2. ఎర్ర పెనెట్రెంట్ (పగుళ్లలోకి దిగే రంగు) స్ప్రే. 15 నిమిషాలు కదపొద్దు.
3. క్లీనర్ బట్టకు తడిపి తుడవాలి. క్లీనర్‌ను పార్టు మీద నేరుగా కొడితే పగులులోని రంగు కూడా కొట్టుకుపోతుంది.
4. తెల్ల డెవలపర్ (ఆ రంగును పైకి లాగే పొడి) పలచగా. పగులుంటే ఎర్ర గీత పైకి వస్తుంది.

14 లింకులు చూస్తే మూడింటిలో గీత కనబడింది, మూడూ థ్రెడ్ మొదలయ్యే చోటనే. అందులో ఒకటి రోజూ నడుస్తున్న కారుది. ఆ కారును అక్కడే ఆపించాం.

కొత్త ట్రనియన్లు వరంగల్‌లోనే చేయించాలని చూశాం. పోత పోసే చోట గన్‌మెటల్ (రాగి మిశ్రమం) దిమ్మె పోయించి, లేత్ మీద తిప్పించాం. బయటికి అద్దంలా వచ్చింది. నమూనాను హాక్సా బ్లేడుతో నిలువునా కోయించాం, థ్రెడ్ పడే చోటనే గాలి బుడగల రంధ్రాలు. ఫాస్ఫర్ బ్రాంజ్ రాడ్‌తో చేస్తే బుడగలు లేవు. అప్పుడు థ్రెడ్ దగ్గర ఆడింపు డయల్ గేజ్‌లో 0.25 మి.మీ. చూపింది, బాగున్న పాత పార్టులో 0.08. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ థ్రెడ్ దిక్కు వేరు కావడంతో ఎడమ థ్రెడ్ ట్యాప్ కూడా చేయించాల్సి వచ్చేది.

అక్కడ ఆపేశాం. ఇంగ్లండులో ట్రయంఫ్ కార్ల అభిమానులు ఎక్కువ, ఈ పార్టు అక్కడ ఇంకా కొత్తగా తయారవుతోంది. తెప్పించుకుంటే ఖరీదే, కానీ ప్రాణం ఆధారపడిన పార్టును మన ముచ్చట కోసం ఇక్కడే చేయాలనుకోవడం సరికాదు. ఈ దశ తర్వాత పార్టుల జాబితాను మూడుగా విడగొట్టాం.

- కొనేవి: ట్రనియన్, లింకు, స్టీరింగ్ రాక్ పార్టులు, ఇంజన్ బేరింగులు. ఇంగ్లండు హెరాల్డ్ ఇంజన్ తర్వాత 1,147, 1,296 సీసీలకు పెరిగింది, మనది చివరిదాకా 948 సీసీనే. బేరింగు ఆర్డరు పెట్టేటప్పుడు ఇంజన్ సైజు రెండుసార్లు చూసుకోండి.
- చేసేవి: మన దేశంలో మాత్రమే ఉన్నవి. నాలుగు తలుపుల మార్క్ 3 వెనక తలుపులు, వాటి బీడింగు (తలుపు అంచు రబ్బరు), గెజెల్ గ్రిల్, బ్యాడ్జీలు. ఇవి ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు.
- చేయకూడనివి: బ్రేకు రబ్బర్లు. ఎవరెంత చెప్పినా లోకల్ అచ్చులో పోయించొద్దు.

*లెక్క: పరీక్షించిన లింకులు 14, పక్కన పెట్టినవి 3. ఈ దశ ఖర్చు ₹21,300. మొత్తం ₹36,850.*

దశ 6: మార్క్ 3 వెనక తలుపు బీడింగు

పాత బీడింగును కొలిచి అట్లే చేయిద్దామనుకుంటే కుదరదు. ఎండకు గట్టిపడి, కుంచించుకుపోయి, పాత కాకరకాయ ఒరుగులా అయిన రబ్బరు ఇప్పుడు చెప్పేది దాని ఇవాళ్టి కొలత. కావలసింది తలుపుకూ బాడీకీ మధ్య ఖాళీ కొలత.

పిల్లలు ఆడుకునే మైనం ఉండలు పాలిథిన్‌లో చుట్టి, తలుపు చుట్టూ 8 చోట్ల అంటించి, తలుపు వేసి తీసి, మందం వెర్నియర్‌తో చూశాం. కీలు వైపు 6 మి.మీ., కింది వెనక మూలలో 11.5. ఇంత తేడాకు ఏ బీడింగూ సరిపోదు. తలుపు వాలిపోయింది. కీలు పిన్ను మార్చి, తలుపు ఎత్తి సరిచేశాక 7 నుంచి 8.5 మధ్యకు వచ్చింది. బీడింగు కంటే ముందు కీలు చూసుకోండి.

హైదరాబాద్‌లో చేయించిన మొదటి లాట్ గట్టి ఈపీడీఎం (ఒక రకం సింథటిక్ రబ్బరు). టైర్ రీట్రెడింగ్ షాపు నుంచి తెచ్చిన గేజ్‌లో షోర్ (రబ్బరు గట్టిదనం అంకె) 65 చూపింది. తలుపు గట్టిగా బాదితే తప్ప లాక్ పడలేదు, లాక్ ప్లేటు స్క్రూలు కదిలాయి. లాటంతా పక్కన పెట్టాం. రెండోసారి లోపల బోలుగా ఉన్న స్పాంజి ఈపీడీఎం, 12 మి.మీ. ఎత్తు. 8 మి.మీ.కి నొక్కుకుంటే మూడో వంతు అణిగినట్టు, నీరు ఆగుతుంది, తలుపు ఒక చేత్తో పడుతుంది. స్పాంజికి గేజ్ సరిగ్గా చూపదు. 10 సెం.మీ. ముక్క మీద కిలో రాయి పెట్టి ఎంత అణిగిందో చూసి, ప్రతి చుట్టకూ అదే పరీక్ష చేస్తున్నాం.

1. కావలసిన పొడవు కంటే 20 మి.మీ. ఎక్కువ కోయాలి. చుట్ట విప్పాక రబ్బరు పొడవు తగ్గుతుంది.
2. ఒక రోజు చదునుగా పరిచి వదలాలి, ఎండలో కాదు.
3. అతుకు తలుపు కింది భాగంలో, మధ్యలో రావాలి. మూలలో వద్దు.
4. లాగుతూ అంటించొద్దు, తోస్తూ అంటించాలి.

ఒక హెచ్చరిక. ఈపీడీఎం ఎండకూ వానకూ ఆగుతుంది, ఇంజన్ ఆయిల్‌కు ఆగదు. 20 మి.మీ. ముక్కను వారం ఆయిల్‌లో ఉంచితే 24.5 అయింది. నైట్రైల్ రబ్బరు ముక్క 20.3 దగ్గర ఆగింది. ఇంజన్ గది కింది రబ్బర్లకు మిగిలిన బీడింగు వాడొద్దు.

*లెక్క: రెండు లాట్లు కలిపి ₹38,200. మొత్తం ₹75,050. డ్రాయింగులు పూర్తయినవి 41.*

దశ 7: వింటేజ్ రిజిస్ట్రేషన్

2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. కొత్తగా ₹20,000, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు ₹5,000. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. 1977 నాటి గెజెల్‌కు 2027లో ఆ వయసు వస్తుంది. మార్పు లేదని చూపడానికి కొలతల కారు డ్రాయింగులే పనికొస్తాయి కాబట్టి, దరఖాస్తుతో పెట్టే ఫోటోలను అదే కోణంలో, అదే స్కేలుతో తీస్తున్నాం. ఈ రిజిస్ట్రేషన్ ఉన్న కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, రిపేరుకూ తప్ప రోజువారీగా నడపకూడదు. రోజూ నడిపేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉండటం మేలు.

మిగిలిన పని

మార్క్ 3 వెనక తలుపు అద్దం చానల్ (అద్దం జారే గాడి) ఇంకా గీయలేదు. మా దగ్గరున్న రెండు తలుపుల కొలతలు ఒకదానికొకటి 4 మి.మీ. తేడా చూపుతున్నాయి, ఏది అసలుదో మూడో తలుపు దొరికితే తప్ప తేలదు. స్టాండర్డ్ 2000కు సంబంధించి ఒకే కారు, ఒకే కేటలాగు ఉన్నాయి. దాని పని మొదలుకాలేదు. నాలుగు తలుపుల హెరాల్డ్ మీ ఊళ్లో ఉంటే ముందు కీళ్లు చూసి, పైన చెప్పినట్టు 8 చోట్ల మైనం పెట్టి, అంకెలను మిల్లీమీటర్లలో రాయండి. అద్దం చానల్ లోపలి వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి, రెండో మనిషితో సరిచూపించి మూడు బృందాల్లో ఎవరికైనా ఇవ్వండి.